ఎనిమిది నిమిషాల తేడా

పోయిన సెమిస్టర్ ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో మా బ్యాచ్‌కి వెంచురీమీటర్ ప్రయోగం వచ్చింది. చేసినవాళ్ళకి తెలుసు, పెద్ద కష్టమేం కాదు. మానోమీటర్‌లో పాదరసం ఎత్తుల తేడా రాసుకోవాలి, కలెక్టింగ్ ట్యాంకులో నీళ్ళు 10 సెంటీమీటర్లు పెరగడానికి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి, ఫార్ములాలో వేసి కోఎఫిషియెంట్ ఆఫ్ డిశ్చార్జ్ తేల్చాలి. పుస్తకం ప్రకారం అది 0.95కీ 0.98కీ మధ్య రావాలి. మాకు 0.81 వచ్చింది. రెండోసారి చేస్తే 0.80. మూడోసారి చెయ్యడానికి ఓపికా లేదు, టైమూ లేదు. నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. 0.96 రావాలంటే టైం ఎంత ఉండాలో వెనక నుంచి లెక్కగట్టి, అనుమానం రాకుండా ఒక్కో రీడింగ్‌నీ కాస్త అటూ ఇటూ మార్చి రాసేశాం. సంతకం పడింది. ఇంజినీరింగ్ చదివే ఎవరికీ ఇది కొత్త కాదులెండి. రీడింగ్స్ వండడం అనే విద్య మనకి సీనియర్ల నుంచి వారసత్వంగా వస్తుంది.

ఈ సంచికకి ఒక శాస్త్రవేత్త జీవితం రాయమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు యోహానెస్ కెప్లర్‌ని ఎంచుకున్నాను. కారణం గొప్పదేం కాదు. ఇంటర్ ఫస్టియర్‌లో అతని మూడు సూత్రాలూ బట్టీ పట్టాను, వాటి మీద బిట్లు లెక్కలేనన్ని చేశాను. తెలిసిన పేరే కదా, రెండు రోజుల్లో రాసి పడేయొచ్చు అనుకున్నాను. చదవడం మొదలుపెట్టాక రెండు విషయాలు నన్ను ఆపేశాయి.

ఒకటి, కెప్లర్ లూథరన్. మాది గుంటూరు వైపు ఒక పల్లెటూరు. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ పుణ్యమా అని ముత్తాతల కాలం నుంచీ మా ఇంట్లో అందరం ఆ గుడికే వెళ్తాం. ఫిజిక్స్ పుస్తకంలో గడ్డంతో కనిపించే ఆ మనిషిదీ, మా నాయనమ్మదీ ఒకే సంఘం అని నాకెవరూ చెప్పలేదు. రెండోది, అతను కూడా ఒక రోజు మాలాగే లెక్క కలవని రీడింగ్ ముందు కూర్చున్నాడు. కానీ వండలేదు. ఎందుకు వండలేదో తెలుసుకోవాలంటే అతను దేవుణ్ణి ఎలా నమ్మాడో తెలుసుకోవాలి.

కెప్లర్ 1571 డిసెంబర్ 27న ఇప్పటి జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సైనికుడు. ఇంట్లో ఉన్నది తక్కువ, చివరికి ఒకసారి వెళ్ళినవాడు తిరిగి రానే లేదు. తల్లి కథరీనా ఆకులూ వేర్లూ తెలిసిన మనిషి, ఊళ్ళో వాళ్ళకి మందులు చేసి ఇచ్చేది. పిల్లాడికి చిన్నప్పుడే మశూచి సోకింది. ప్రాణం దక్కింది కానీ చూపు దెబ్బతింది. ఆకాశాన్ని కొలిచిన మనిషికి నక్షత్రాలు మనకి కనిపించినంత స్పష్టంగా కూడా కనిపించేవి కావు. 1577లో ఒక పెద్ద తోకచుక్క వస్తే తల్లి అతన్ని ఎత్తైన చోటుకి తీసుకెళ్ళి చూపించింది. ఆ రాత్రిని అతను జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు.

బాగా చదివే పేద పిల్లలకి ఆ రాజ్యంలో స్కాలర్‌షిప్ ఉండేది. దాంతో సెమినరీ స్కూళ్ళు దాటి 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చేరాడు. అతని కోరిక ఒక్కటే, పాస్టర్ కావాలి. మా భాషలో చెప్పాలంటే అయ్యగారు కావాలి. అక్కడ మైకేల్ మేస్ట్లిన్ అనే గురువు దగ్గర కోపర్నికస్ సిద్ధాంతం నేర్చుకున్నాడు. భూమి కాదు, సూర్యుడే మధ్యలో ఉన్నాడన్న మాట ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు. చదువు ఇంకా పూర్తి కాకముందే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాట్స్ పట్టణంలో ప్రొటెస్టంట్ స్కూలుకి లెక్కల మాస్టారు కావాలంటే ఇతన్ని పంపేశారు. ఇష్టంగా వెళ్ళలేదు. దేవుడి సేవకి పనికిరాకుండా పోయానేమో అన్న బాధ ఉండేది.

ఆ బాధ పోయింది 1595 జూలై 19న. గురు, శని గ్రహాలు ఎక్కడెక్కడ కలుస్తాయో క్లాసులో బోర్డు మీద గీసి చూపిస్తుంటే ఒక ఆలోచన తట్టింది. అప్పటికి తెలిసిన గ్రహాలు 6. అన్ని ముఖాలూ సమానంగా ఉండే ఘనరూపాలు 5 మాత్రమే సాధ్యం. ఆ అయిదింటినీ ఒకదానిలో ఒకటి అమర్చి మధ్యమధ్యలో గోళాలు పెడితే 6 గోళాలు వస్తాయి, వాటి దూరాలు దాదాపు గ్రహాల దూరాలకి సరిపోతున్నాయి! దేవుడు ఈ ప్లాన్ గీసుకునే సృష్టి చేశాడని కెప్లర్ నమ్మేశాడు. 1596లో దాని మీద పుస్తకం వేశాడు. పాస్టర్ కాలేకపోయినా ఖగోళశాస్త్రం ద్వారా కూడా దేవుణ్ణి స్తుతించవచ్చని గురువుకి ఉత్తరం రాశాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఆ ప్లాన్ తప్పు. గ్రహాల దూరాలకీ ఆ ఘనరూపాలకీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ తప్పు ఆలోచన కింద ఉన్న నమ్మకాలు మూడు. అవే అతన్ని చివరిదాకా నడిపించాయి.

మొదటిది, సృష్టి ఇష్టం వచ్చినట్టు జరిగింది కాదు. సృష్టికర్త తెలివైనవాడు కాబట్టి ప్రతి కొలతకీ ఒక కారణం ఉంటుంది. గ్రహాలు 6 ఎందుకు, దూరాలు ఇంతే ఎందుకు అని అడగడం తప్పు కాదు, అడగడమే భక్తి. రెండోది, దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని బైబిల్ చెబుతుంది. ఆ పోలిక మన ముక్కులోనో మొహంలోనో లేదు, లెక్క అర్థం చేసుకోగల బుద్ధిలో ఉందని కెప్లర్ నమ్మాడు. అందుకే సృష్టిలోని లెక్క మనకి అందుతుంది. మూడోది త్రిత్వం. ఒక గోళంలో కేంద్రం, ఉపరితలం, మధ్యలో ఉన్న చోటు మూడూ కలిసి ఒకటే అయినట్టు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకటే. విశ్వంలో కేంద్రాన ఉన్న సూర్యుడు తండ్రికి గుర్తు. అలాగైతే గ్రహాల్ని కదిలించే శక్తి కూడా అక్కడి నుంచే రావాలి కదా? అంతకుముందు ఖగోళశాస్త్రం గ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో చెబితే చాలనుకునేది. దాన్ని ఏది తోస్తోంది అని భౌతికశాస్త్రం అడిగే ప్రశ్న కెప్లర్ అడిగాడు. అందులో ఈ నమ్మకం వాటా ఉంది.

బైబిల్‌కీ సూర్యకేంద్ర సిద్ధాంతానికీ గొడవ లేదా అంటే, కెప్లర్ దృష్టిలో లేదు. యెహోషువ మాట మీద సూర్యుడు ఆగాడని రాసింది నిజమే. కానీ లేఖనం మనుషులతో మనుషుల భాషలో మాట్లాడుతుందనీ, ఖగోళశాస్త్రం పాఠం చెప్పడం దాని పని కాదనీ అతను తన పుస్తకం ముందుమాటలోనే వివరించాడు. మనం ఇప్పటికీ సూర్యుడు ఉదయించాడు అంటాం, భూమి తిరిగింది అనం.

గ్రాట్స్‌లో ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ప్రాంతాన్ని ఏలే ఫెర్డినాండ్ గట్టి కాథలిక్. 1598లో ప్రొటెస్టంట్ టీచర్లందర్నీ వెళ్ళగొట్టాడు. కెప్లర్ ఒక్కడికి తిరిగి రావడానికి అనుమతి దొరికింది. అప్పటికే పెళ్ళయింది, మొదటి బిడ్డ పోయాడు. 1599లో రెండో బిడ్డ కూడా పసికందుగానే పోతే కాథలిక్ పద్ధతిలో పాతిపెట్టడానికి ఒప్పుకోలేదని జరిమానా వేశారు. 1600లో ఆఖరి మాట వచ్చింది: మతం మారు, లేదా ఊరు వదులు. ఊరు వదిలాడు.

వెళ్ళింది ప్రాగ్‌కి, టైకో బ్రాహె దగ్గరికి. టెలిస్కోప్ ఇంకా రాని రోజులవి. అయినా టైకో పెద్ద పెద్ద పరికరాలు కట్టించుకుని ఉత్త కళ్ళతో 20 ఏళ్ళకి పైగా గ్రహాల్ని కొలిచాడు. అంత కచ్చితమైన కొలతలు అప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేవు. కెప్లర్‌కి అప్పగించిన పని అంగారకుడి కక్ష్య తేల్చడం. 8 రోజుల్లో తేల్చేస్తానని పందెం కాశాడు. నేను ఈ వ్యాసం రెండు రోజుల్లో రాస్తాననుకున్నట్టే. పట్టింది అయిదేళ్ళు. 1601 అక్టోబర్‌లో టైకో చనిపోతే, వారసులు తేరుకునేలోపే కెప్లర్ ఆ పరిశీలనల పుస్తకాలు తన దగ్గర పెట్టేసుకున్నాడు. అది సరైన పని కాదు, ఆ సంగతి తర్వాత తనే ఒప్పుకున్నాడు. చక్రవర్తి రెండో రుడాల్ఫ్ ఆస్థాన గణితవేత్త పదవి కూడా అతనికే వచ్చింది.

ఇక అసలు కథ. ఆకాశంలో కదలికలన్నీ వృత్తాల్లోనే ఉండాలన్నది దాదాపు 2000 ఏళ్ళ నాటి మాట. వృత్తం లోపం లేని ఆకారం, ఆకాశం లోపం లేని చోటు, కాబట్టి అక్కడ వృత్తమే తగును. గ్రీకులు మొదలుపెట్టిన ఈ మాటని క్రైస్తవ పండితులూ అంగీకరించారు, కోపర్నికస్ కూడా వదల్లేదు. కెప్లర్ కూడా వృత్తంతోనే మొదలుపెట్టాడు. కాలిక్యులేటర్ లేదు, అప్పటికి లాగరిథమ్‌లు కూడా లేవు. ఒక్కో లెక్కా పేజీలకి పేజీలు. అదే లెక్కని దాదాపు 70 సార్లు తిరగరాసి ఒక నమూనా తయారుచేశాడు. అంగారకుడు ఏ దిశలో కనిపిస్తాడో అది 2 ఆర్క్ నిమిషాల తేడాతో చెప్పింది. డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం. అంటే పని అయిపోయినట్టే! కానీ అదే నమూనాతో దూరాలు చూస్తే తప్పు వచ్చాయి. దూరాలు సరిచేస్తే దిశలో 8 నిమిషాల తేడా వచ్చింది.

8 ఆర్క్ నిమిషాలంటే ఎంతో చూడండి. పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు పావు వంతు. మీటరు దూరంలో 2.3 మిల్లీమీటర్లు. పాత కాలపు టోలెమీ 10 నిమిషాల కన్నా మెరుగైన కొలత తన దగ్గర ఉందని ఎప్పుడూ చెప్పుకోలేదు. కాబట్టి ఆ కొలతలతో చూస్తే కెప్లర్ నమూనా నూటికి నూరు సరైనదే. టైకో పొరపాటు చూశాడు అని ఒక ముక్క రాసేసి ముగిస్తే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పైగా టైకో బతికి కూడా లేడు.

కెప్లర్ అలా రాయలేదు. టైకోలాంటి జాగ్రత్తపరుణ్ణి దేవుడు తన దయకొద్దీ మనకిచ్చాడు, ఆ బహుమానాన్ని కృతజ్ఞతతో వాడుకోవాలి, అందుచేత ఆ 8 నిమిషాల్ని పక్కన పెట్టే హక్కు నాకు లేదు అన్నది అతని వాదన. ఇది భక్తుడు ఊరికే అనే మర్యాద మాట కాదు. అతని నమ్మకాలన్నీ ఇక్కడ పనిలోకి దిగాయి. సృష్టికర్త పని నిర్లక్ష్యంగా చెయ్యడు, కాబట్టి తేడా ఉంటే అది సృష్టిలో లేదు, నా లెక్కలో ఉంది. అర్థం చేసుకునే బుద్ధి ఆయనే ఇచ్చాడు, కాబట్టి ఇంకా వెతికితే దొరుకుతుంది.

నాకు అన్నిటికన్నా బలంగా తగిలింది ఇంకొకటి. వృత్తం కూడా దేవుడి పేరు మీద వచ్చిన నమ్మకమే. దేవుడు ఇలా చేసి ఉండాలి అని మనుషులు తీర్మానించుకున్నది అది. దేవుడు నిజంగా ఎలా చేశాడో చూద్దాం అన్నది దీనికి పూర్తిగా వేరే నమ్మకం. పైకి రెండూ భక్తిలాగే కనిపిస్తాయి. మొదటిదాని కోసం రీడింగ్ మార్చొచ్చు. రెండోదాని కోసం మనమే మారాలి. కెప్లర్ ఆ 8 నిమిషాల దగ్గర మొదటిదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకున్నాడు.

ఏళ్ళ తరబడి చేసిన పని చెత్తబుట్టలో వేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు భూమి కక్ష్యని సరిచేశాడు. సూర్యుడి నుంచి గ్రహానికి గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాల్ని తుడుచుకుంటూ పోతుందని కనిపెట్టాడు. కక్ష్య గుడ్డు ఆకారంలో ఉందేమోనని చాలాకాలం తిప్పలు పడ్డాడు. 1605లో దీర్ఘవృత్తం దొరికింది. అంగారకుడి కక్ష్యలో పొడవుకీ వెడల్పుకీ తేడా అర శాతం కూడా లేదు. ఆ కాస్త తేడాని పట్టుకున్నది ఆ 8 నిమిషాలే. టైకో వారసులతో గొడవలు తెమిలి 1609లో ఆ పుస్తకం, ఆస్ట్రోనోమియా నోవా, బయటికి వచ్చింది. అందులో విజయం ఒక్కటే రాయలేదు, ఎక్కడెక్కడ దారి తప్పాడో కూడా పాఠకుడికి చెప్పుకుంటూ పోయాడు.

1611 అతన్ని పిండేసింది. ఆరేళ్ళ కొడుకు మశూచితో పోయాడు, ఆ ఏడే భార్య బార్బరా కూడా పోయింది, రుడాల్ఫ్ సింహాసనం వదిలాడు. 1612లో లింట్స్ పట్టణానికి మారాడు. అక్కడ తన సొంత సంఘమే అతనికి తలుపు మూసింది.

లూథరన్ సంఘంలో ఫార్ములా ఆఫ్ కాంకర్డ్ అనే విశ్వాస పత్రం ఒకటుంది. క్రీస్తు శరీరం అంతటా ఉండగలదన్న బోధ అందులో ఉంది. అది కెప్లర్ మనసుకి ఎక్కలేదు. ఆ విషయంలో కాల్వినిస్టుల మాటే అతనికి సరిగ్గా తోచింది. మిగతా విషయాల్లో వాళ్ళతో ఏకీభవించకపోయినా, వాళ్ళని శత్రువులుగా ఖండించడానికి కూడా ఒప్పుకోలేదు. షరతు లేకుండా సంతకం పెట్టనన్నాడు. సంతకం పెట్టకపోతే ప్రభు రాత్రి భోజనం లేదన్నాడు అక్కడి పాస్టర్. పైవాళ్ళకి మొరపెట్టుకున్నాడు, ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాడు. 1619లో ఆఖరి జవాబు వచ్చింది, అదీ ట్యూబింగెన్‌లో తను ప్రేమించిన గురువు ద్వారా. జవాబు లేదు అనే.

దీని బరువు గుడికి వెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది. కన్ఫర్మేషన్ అయిన రోజు మొదటిసారి బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు మా నాయనమ్మ ఏడ్చింది. ఊరంతా లేచి ముందుకి వెళ్తుంటే ఒక్కడు మాత్రం బెంచీ మీద కూర్చుండిపోవడమంటే ఊరి మధ్యలో వెలివేసినట్టే. పాస్టర్ కావాలనుకున్న మనిషి అలా కూర్చున్నాడు. కాథలిక్ అయితే ఉద్యోగం సుఖంగా సాగేది, అలా మారలేదు. అబద్ధపు సంతకం పెడితే సొంతవాళ్ళు చేరదీసేవాళ్ళు, అదీ చెయ్యలేదు. అంగారకుడి లెక్కలో చెయ్యనిది విశ్వాసం లెక్కలో మాత్రం ఎందుకు చేస్తాడు? నమ్మనిది నమ్మానని రాయడం కూడా రీడింగ్ వండడమే.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 1615లో ఊళ్ళో ఒకావిడ, కథరీనా ఇచ్చిన ఏదో తాగి జబ్బుపడ్డానని ఆరోపించింది. ఆకుపసరు మందులు తెలిసిన ముసలామె, నోరు కాస్త గట్టిది. మంత్రగత్తె అని ముద్ర వెయ్యడానికి ఆ రోజుల్లో అంతకన్నా అక్కర్లేదు. 1620 ఆగస్టులో 70 దాటిన ఆమెని అరెస్టు చేసి గొలుసులతో కట్టేశారు. కెప్లర్ లింట్స్ నుంచి వచ్చి వాదన చేతిలోకి తీసుకున్నాడు. సాక్షుల మాటల్లో ఎక్కడ పొంతన లేదో చూపించాడు, ఒక్కో జబ్బుకీ మామూలు కారణం ఏమై ఉండొచ్చో వివరించాడు. చిత్రహింసల పరికరాలు ముందు పెట్టి బెదిరించినా ఆమె చెయ్యని నేరం ఒప్పుకోలేదు. 14 నెలల తర్వాత 1621 అక్టోబర్‌లో విడిచిపెట్టారు. ఆర్నెల్లకే చనిపోయింది. కొడుక్కి ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇక్కడ అర్థమైంది.

ఈ గొడవల మధ్యనే మూడో సూత్రం పుట్టింది. 1618 ఫిబ్రవరిలో ఇంకో పసిపాప పోయింది. పట్టికల లెక్కలు చెయ్యడానికి మనసు నిలవక, విశ్వంలోని సామరస్యం గురించి ఎప్పణ్ణుంచో రాయాలనుకున్న పుస్తకం ముందేసుకున్నాడు. మే 15న లెక్క కుదిరింది: గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే కాలం వర్గం, దాని సగటు దూరం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సరిగ్గా 8 రోజుల తర్వాత ప్రాగ్‌లో చక్రవర్తి మనుషుల్ని కిటికీలోంచి తోసేశారు, ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైంది. క్రైస్తవులు ఒకర్నొకరు చంపుకుంటున్న ఐరోపాలో, 1619లో, సృష్టి అంతా ఒక సంగీతం అని చెప్పే పుస్తకం ప్రార్థనతో ముగించి అచ్చువేశాడు. మనం బిట్‌గా టిక్ పెట్టే ఆ సూత్రం ఇలాంటి ఇంట్లోంచి వచ్చింది.

1627లో టైకో పరిశీలనల ఆధారంగా గ్రహాల పట్టికలు ఉల్మ్‌లో అచ్చయ్యాయి. చక్రవర్తుల నుంచి రావాల్సిన జీతం బాకీలు మాత్రం రాలేదు. ఆ డబ్బు కోసమే 1630 చలికాలంలో గుర్రం మీద రెగెన్స్‌బుర్గ్ వెళ్ళి, జ్వరం తగిలి, నవంబర్ 15న అక్కడే కన్నుమూశాడు. సమాధిని కూడా యుద్ధం మింగేసింది. మరుసటి ఏడు నవంబర్ 7న బుధుడు సూర్యబింబం మీదుగా దాటతాడని అతను ముందే ప్రకటించి ఉన్నాడు. ఆ రోజు పారిస్‌లో పియెర్ గసెండి చూస్తే చిన్న నల్లచుక్క సూర్యుడి మీద కదులుతూ కనిపించింది. లెక్క చెప్పిన మనిషి లేడు, లెక్క నిలబడింది.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం బాగుంటుంది. కానీ ఇంకో విషయం చదివాను, అది దాచడం అంటే మళ్ళీ వండడమే. ఆస్ట్రోనోమియా నోవాని ఇంగ్లీషులోకి అనువదించిన విలియం డొనాహ్యూ, 1988లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. దీర్ఘవృత్తానికి రుజువుగా, పరిశీలనల నుంచి నేరుగా వచ్చినట్టు కెప్లర్ ఇచ్చిన ఒక పట్టికలోని అంకెలు నిజానికి ఆ సిద్ధాంతం నుంచే వెనక్కి లెక్కగట్టినవని అందులో చూపించాడు. కెప్లర్ ఉద్దేశం మోసమా కాదా అన్న దాని మీద పండితుల మధ్య వాదన ఉంది. నాకు మాత్రం చదవగానే నీరసం వచ్చింది. 8 నిమిషాల్ని వదలని మనిషి కూడా ఒక పట్టిక దగ్గర మా బ్యాచ్‌లాగే చేశాడా అని. అయిదు ఘనరూపాల ప్లాన్‌ని కూడా అతను చివరిదాకా వదల్లేదు, 1621లో ఆ పాత పుస్తకాన్ని నోట్స్ చేర్చి మళ్ళీ వేశాడు.

రెండు రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. నమ్మకం ఉంటే మనిషి తప్పు చెయ్యడని కాదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు నిజాయితీగా కొలవలేరనీ కాదు, మన చుట్టూ ఎంతోమంది కొలుస్తున్నారు. కెప్లర్ విషయంలో ఆ నమ్మకం చేసింది ఒక్కటే: చిన్న తేడాని కూడా ఎవరికో జవాబు చెప్పాల్సిన విషయంగా మార్చింది. ఎవరూ చూడని చోట కూడా ఒకరు చూస్తున్నారు, పైగా చూస్తున్నది ఆ పని చేసినవాడే. అలాంటప్పుడు తేడా అవమానంగా ఉండదు, కబురులాగా ఉంటుంది.

ఈ మాట నాకు కొత్త కాదని అప్పుడు గుర్తొచ్చింది. మా నాయనమ్మ గుడిలో స్త్రీల సమాజం లెక్కలు చూసేది. కానుకల డబ్బు లెక్కలో ఒకసారి రూపాయి తక్కువొస్తే రాత్రంతా లాంతరు దగ్గర కూర్చుంది. చీర కొంగున రూపాయి ఉంది, వేసేస్తే పోతుంది. వెయ్యలేదు. వేస్తే లెక్క కలుస్తుంది కానీ రూపాయి ఎక్కడ పోయిందో తెలియదు కదా అనేది. తెల్లారేసరికి దొరికింది, ఒకే పేరు రెండుసార్లు రాసింది. హాస్టల్‌కొచ్చాక ఆదివారాలు నిద్రకి పోతున్నాయి, దేవుడు ఒక పక్క, ల్యాబ్ ఒక పక్క అనుకున్నాను. కెప్లర్‌కీ ఆవిడకీ అవి రెండు పక్కలు కావు.

పోయిన వారం ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలుకుని సాయంత్రం ఒక గంట వెంచురీమీటర్ దగ్గరికి వెళ్ళాను. కలెక్టింగ్ ట్యాంకు నింపి, పంపు ఆపి, కొలత గొట్టం చూస్తూ నిలబడ్డాను. నీటిమట్టం మెల్లగా దిగుతోంది. కింది డ్రెయిన్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. నీళ్ళు కారిపోతుంటే 10 సెంటీమీటర్లు పెరగడానికి ఎక్కువ టైం పడుతుంది, 0.81 రాక ఏం చేస్తుంది? కారేదెంతో కొలిచి కలిపి చూస్తే 0.94 వచ్చింది. పుస్తకంలో ఉన్నంత ఇంకా రాలేదు. మిగతా తేడా ఎక్కడుందో నాకు ఇంకా దొరకలేదు.

సార్‌కి జరిగింది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్ళీ చేసి, ఉన్నది ఉన్నట్టు రాసి తెమ్మన్నారు, మార్కులు తగ్గొచ్చని కూడా చెప్పారు. బ్యాచ్‌లో ఇద్దరు నాతో వచ్చారు. ఒకడు ఇంకా అలిగే ఉన్నాడు, వాడి కోపంలో న్యాయముంది, అడక్కుండా వాడి మార్కులు కూడా పణంగా పెట్టాను. రికార్డులో పాత పేజీ చింపలేదు. అడ్డంగా ఒక గీత గీసి, పక్క పేజీలో 0.81 అని రాసి, కింద వాల్వ్ సంగతి రాశాను.